ఆరువందల నలభై గెట్ కార్డులు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు.

నలభై ఆరో నంబరు డ్రాయరు ఖాళీగా ఉంది.

నిన్నటిదాకా అందులో ఆరువందల నలభై కార్డులున్నాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. ప్రతి వాక్యంలోనూ ఒకే ఇంగ్లీషు మాట. గెట్.

ఇప్పుడు డ్రాయరులో ఇనుప చువ్వ ఒక్కటే మిగిలింది. కార్డులు చెదిరిపోకుండా వాటి చిల్లుల్లోంచి దూర్చే చువ్వ అది. దొంగ దాన్ని విప్పాడు. కార్డులు తీసుకున్నాడు. మళ్ళీ చువ్వని శుభ్రంగా బిగించి మరీ వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టర్ పదింటికి వచ్చాడు. వస్తూనే చిరాగ్గా ఉన్నాడు.

పొద్దున స్నానం చేసి, దేవుడి ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడదామనుకున్నాడు. పక్కగదిలో కూతురు పరీక్షకి గొంతు చించుకుని బట్టీ పడుతోంది. ఇంగ్లీషు మాటల పాఠం. "ముగ్గురూ ఒకే ఇంటి బిడ్డలు... ముగ్గురూ ఒకే ఇంటి బిడ్డలు..." ఆ ముక్క చెవిలో దూరి ప్రార్థనలోకి కూడా వచ్చేసింది. ఎవరా ముగ్గురు? ఆ దేవుడికే తెలియాలి.

పైగా ఈ కేసు.

"ఏం పోయిందయ్యా?" అని అడిగాడు హెడ్ కానిస్టేబుల్‌ని, మెట్లెక్కుతూ.

"మాట సార్."

"మాటేంటి?"

"ఇంగ్లీషు మాట సార్. డిక్షనరీ ఆఫీసు కదా. నగలు, నగదు ఏవీ పోలేదు. ఒక మాట పోయింది."

"ఎఫ్.ఐ.ఆర్.లో ఏం రాశావ్?"

"ఇంకా రాయలేదు సార్. పెన్ను కదల్లేదు."

రెండో అంతస్తులో పొడవాటి హాలు. గోడ పొడవునా చెక్క బీరువాలు. వాటి నిండా చిన్న చిన్న డ్రాయర్లు. ఇంగ్లీషు నుంచి తెలుగుకి పెద్ద నిఘంటువు ముప్పై ఏళ్ళుగా ఇక్కడే తయారైంది. ఏ మాట ఎక్కడ, ఎలా, ఏ అర్థంలో వాడారో ఒక్కో కార్డు మీద రాసి దాచారు. మొదలుపెట్టింది పాత మాస్టారు. ఆయన పోయి పదేళ్ళయింది.

డైరెక్టర్ తన గదిలోకి తీసుకెళ్ళాడు. ముందు చేతులు కడుక్కుంటానన్నాడు ఇన్‌స్పెక్టర్. గదిని ఆనుకునే బాత్‌రూమ్. కుళాయి తిప్పాడు. నీళ్ళు నేల మీద పడి ప్యాంటు అంచు తడిసిపోయింది. కుళాయి కింద బకెట్ లేదు. గోడకు ఎర్ర మగ్గు ఒక్కటే వేలాడుతోంది.

"బకెట్ పెట్టించుకోకూడదుటండీ?" అన్నాడు విసుగ్గా, బయటికి వస్తూ.

"ఊడ్చే మనిషి ఎక్కడో పెట్టేసి ఉంటుంది. కూర్చోండి."

గోడ మీద అద్దంలో ఒక పుస్తకం అట్ట. 'మాటల చుట్టరికాలు'. కింద డైరెక్టర్ ఫోటో.

"మా అమ్మాయి ఇదే చదువుతోందండీ. బడిలో పాఠ్యపుస్తకం."

"అన్ని బళ్ళలోనూ అదే." డైరెక్టర్ నవ్వాడు. వెంటనే గడియారం చూశాడు. "సాయంత్రం నాలుగింటికి పెద్ద లైబ్రరీ వాళ్ళ వ్యాన్ వస్తుంది. కార్డులన్నీ వాళ్ళకి ఇచ్చేస్తున్నాం. ఫోటోలు తీసి, భద్రంగా దాస్తారు. ఒక్క డ్రాయరు తగ్గినా మా పరువు పోతుంది."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"అనుమానం ఏముంది? కార్డుల బాధ్యత ఒక్కావిడదే. ఇరవై రెండేళ్ళుగా. కార్డులతో పాటు ఆవిణ్ణీ లైబ్రరీకి పంపుదామనుకున్నాం. అక్కడ వీటిని చూసుకునే ఉద్యోగం. ఇక అది కుదరదు." టేబుల్ మీద టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. "డిస్మిసల్ ఆర్డర్. నాలుగింటికి సంతకం పెడతాను. ఈలోగా మీరు ఆవిణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళినా నాకు అభ్యంతరం లేదు."

"ఆవిడ ఎందుకు తీస్తుందండీ?"

"నేనంటే పడదు. పాత కక్ష."

"సరే. ఇంతకీ ఈ గెట్ అనే మాటలో అంత గొప్పేముంది?"

"ఏమీ లేదు. చిల్లర మాట. దొరికినా గెట్టే, తెచ్చుకున్నా గెట్టే, అర్థమైనా గెట్టే, జబ్బు తగిలినా గెట్టే. ఇంగ్లీషువాళ్ళు ఏ మాటా తోచనప్పుడు దాన్ని వాడేస్తారు."

"దాని తాలూకు మాటలు వేరే డ్రాయర్లలో ఏమైనా ఉంటాయా? అవి కూడా పోయాయేమో చూడాలి కదా. నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఫర్‌గెట్ ఒకటి. అందులో గెట్ ఉంది."

డైరెక్టర్ జాలిగా చూశాడు.

"చూడ్డానికి అలా ఉంటుందండీ. అది వేరు, ఇది వేరు. వాటికి ఏ సంబంధమూ లేదు. మీరు అనవసరంగా టైము వేస్టు చేసుకోకండి."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. సంబంధం లేదు. రాసి, కింద గీత గీశాడు. చదువు తక్కువవాడు చదువుకున్నవాడి మాట వినాలి కదా.

పది గంటల నలభై.

కార్డుల బాధ్యురాలు హాలు చివర చిన్న బల్ల దగ్గర నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఆఫీసంతా అక్కయ్య అని పిలుస్తారు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ ఏడవడం లేదు.

"కూర్చోమ్మా. చివరిసారి కార్డులు ఎప్పుడు చూశావు?"

"నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభైకి సార్. రిజిస్టర్‌లో రాశాను."

రిజిస్టర్ చూపించింది. నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు. వాక్యం చివర చుక్కకి బదులు చిన్న సున్నా చుడుతుంది.

"ఈ సున్నాలేంటి?"

"చిన్నప్పటి అలవాటు సార్. చుక్క కనిపించకుండా పోతుందని మా నాన్న నేర్పాడు."

"ఆ తర్వాత?"

"ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా వరండాలో అన్నం తిన్నాను. తర్వాత ఆ డ్రాయరు జోలికి వెళ్ళలేదు. ఇవాళ పొద్దున తీస్తే ఖాళీ."

"తినేటప్పుడు హాలుకి తాళం వేశావా?"

"లేదు. ఎప్పుడూ వెయ్యం సార్. కాయితం ముక్కల్ని ఎవరు ఎత్తుకెళ్తారు?"

"అప్పుడు లోపల ఎవరున్నారు?"

"డైరెక్టర్ గారు ఆయన గదిలో. ఫుట్‌నోట్... అంటే మా అసిస్టెంట్ ఎడిటర్ గారు, ఆయన సీట్లో. అంతే."

ఇన్‌స్పెక్టర్ పక్క డ్రాయరు లాగాడు. కార్డులు బరువుగా కదిలాయి. పెన్సిల్‌తో రాసినవి. మూల మీద తేదీ. ఒక్కో కార్డు ఒక్కో రంగు కాగితం. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం వచ్చింది.

"తిప్పకండి సార్."

"ఏం?"

"మాస్టారి నియమం. ఆయన కొత్త కాగితం కొనేవారు కాదు. వాడేసిన కాగితాల్ని నాలుగు ముక్కలు చేసి, ఖాళీ వైపు రాసేవారు. వెనక ఎవరి ఉత్తరమో, ఎవరి మందుల చీటీయో ఉంటుంది. చదవడం పాపం అనేవారు. 'ముందు వైపు మనది, వెనక వైపు మనది కాదు' అని మొదటి రోజే చెప్పారు. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క కార్డూ తిప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ కార్డుని మళ్ళీ చువ్వకి గుచ్చేశాడు. పెద్దల మాటంటే ఆయనకి గౌరవం. ఇంట్లో తాతల నాటి నియమాల్ని ఆయన కూడా ఎందుకని అడక్కుండానే పాటిస్తాడు. ఒక పెద్దాయన ఇంత మర్యాదగా బతికాడా అనుకున్నాడు.

"డైరెక్టర్ గారితో నీకు పాత కక్ష ఏంటమ్మా?"

ఆమె తల వంచుకుంది.

"ఏమీ లేదు సార్."

"ఉంది. ఆయనే అన్నాడు."

"అయితే ఆయన్నే అడగండి."

"నిన్ను అడుగుతున్నాను."

"చెప్పినా నా దగ్గర రుజువు లేదు సార్. రుజువు లేని మాట చెబితే అదే నా మెడకి చుట్టుకుంటుంది."

"చెప్పకపోయినా చుట్టుకునేట్టే ఉందిగా!"

ఆమె రిజిస్టర్ మూసి పక్కకి జరిపింది. ఇన్‌స్పెక్టర్‌కి పళ్ళు నూరుకోవాలనిపించింది. దొంగలు నోరు విప్పకపోతే ఏం చేయాలో ఆయనకి తెలుసు. మంచివాళ్ళు నోరు విప్పకపోతే ఏం చేయాలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

పదకొండూ అయిదు.

అసిస్టెంట్ ఎడిటర్ సన్నగా, పొడవుగా ఉన్నాడు. ఏది అడిగినా అసలు సంగతి వదిలేసి దాని కింద చిన్నక్షరాల్లో ఉండేదంతా చెబుతాడు. ఫుట్‌నోట్ అన్న పేరు ఊరికే రాలేదు.

"నిన్న ఒంటిగంటకి ఎక్కడున్నారు?"

"నా సీట్లోనేనండీ. అయినా మీరు గెట్ గురించి అడగండి, చెబుతాను. పేరుకు ఇంగ్లీషు మాటే గానీ, అది ఇంగ్లీషులో పుట్టింది కాదు. ఉత్తరాది ఓడలవాళ్ళు వెంట తెచ్చారు. అసలు అర్థం చేత్తో పట్టుకోవడం. పట్టుకుంటే దొరుకుతుంది. దొరికితే మనదవుతుంది. అక్కణ్ణుంచి పాకి పాకి..."

"అయ్యా, నిన్న ఒంటిగంటకి హాల్లోకి ఎవరైనా వెళ్ళారా?"

"నా సీటు అటు తిరిగి ఉండదండీ. పాకి పాకి, ఇప్పుడు లావవడం, ముసలవడం, పెళ్ళవడం, అన్నీ గెట్టే. మన 'అవు' చేసే పని కూడా అదే చేస్తుంది. మనకి దానికి సరిపడే ఒక్క మాట లేదు. నలభై మాటలు కావాలి. నాకు దాని మీదే ఏడాది పట్టింది."

"మీకు ఆ కార్డులతో ఇంకా అవసరం ఉందా?"

"లేదు. మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కేసింది. పుస్తకం అచ్చుకి కూడా వెళ్ళింది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను పక్కన పెట్టాడు.

"అంటే కార్డులు పోయినా మాట పోలేదా?"

"పోలేదండీ."

"మరి దొంగకి ఏం ఒరిగింది?"

"అదే నాకూ అర్థం కాలేదు. అక్కయ్య మాత్రం కాదండీ. ఆవిడ ఆ కార్డుల్ని పసిపిల్లల్లా చూసుకుంటుంది. పాపం, ఒకప్పుడు ఏదో పుస్తకం కూడా రాసిందట. డైరెక్టర్ గారు అప్పుడు నాలాగే అసిస్టెంట్. చదివి పెట్టమని ఆయనకి ఇచ్చిందట. పనికిరాదు, పారేశాను అన్నారట. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. నేను చేరకముందు సంగతి."

"ఏం పుస్తకం?"

"అడిగితే చెప్పదు."

పదకొండూ ముప్పై అయిదు. పెరట్లోంచి హెడ్ కానిస్టేబుల్ అరిచాడు.

"సార్! దొరికాయి!"

అందరూ పరుగెత్తారు. ఫుట్‌నోట్ చెప్పులు వదిలేసి మరీ పరుగెత్తాడు. ఆమె మెట్ల మీద పడబోయి కమ్మీ పట్టుకుంది. డైరెక్టర్ మాత్రం చేతిలో ఉన్న వేరే ఫైలు కాగితం మీద సంతకం పూర్తి చేసి, పెన్నుకి మూత పెట్టి, తీరిగ్గా దిగాడు.

పెరట్లో కుళాయి గట్టు వెనక, తుడుపు గుడ్డల కింద ఎర్ర బకెట్. నిండా నీళ్ళు. నీళ్ళలో కార్డులు.

ఆమె నేల మీద కూలబడి ఒక్కో కార్డూ పైకి తీసింది. 

"ఉన్నాయి," అంది. "రాత ఉంది. మాస్టారి పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు."

ఫుట్‌నోట్ ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టాడు.

"పెన్సిల్ నీళ్ళకి పోదు," అన్నాడు డైరెక్టర్. "మంచిదైంది. ఆరబెట్టండి. ఇన్‌స్పెక్టర్ గారూ, కేసు అక్కర్లేదు. దొరికాయి కదా. ఆర్డర్ మాత్రం ఉంటుంది. కక్షతో నీళ్ళలో ముంచిన మనిషిని నేను ఉంచుకోలేను."

"ఈవిడే ముంచిందని ఎలా చెబుతారు?"

"ఇంకెవరికి పని?"

హెడ్ కానిస్టేబుల్ బకెట్ వంచాడు. గట్టు మీద లేత నీలం నీళ్ళు పారాయి.

"సబ్బు నీళ్ళు కలిసినట్టున్నాయి సార్."

ఇన్‌స్పెక్టర్ ఆ నీళ్ళు తూములోకి పోయేదాకా చూశాడు. ఏదో తప్పింది. ఏదో కళ్ళ ముందే జారిపోయింది. ఏమిటది? దొంగ అన్నవాడు ఎత్తుకెళ్తాడు, అమ్ముతాడు, కాలుస్తాడు. చువ్వ బిగించి, నీళ్ళలో నానబెట్టి, దొరికేచోట పెట్టి పోయే దొంగని ఆయన ఉద్యోగంలో చూడలేదు.

"దొరికాయిగా సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "భోంచేసి వెళ్ళిపోదామా?"

"నువ్వు నోరు మూసుకో."

మధ్యాహ్నం ఒకటింబావు.

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. ముద్ద దిగలేదు. ఇరవై రెండేళ్ళు ఒక్క కార్డు చెదరనివ్వని మనిషి. నాలుగింటికి ఆ మనిషి మెళ్ళో దొంగ అన్న పేరు పడబోతోంది. ఆ కార్డులు వ్యానెక్కి వెళ్తుంటే ఆమె గేటు దగ్గర నిలబడి చూడాలి. భగవంతుడా, ఒక్క దారం కొస చూపించు. మిగతాది నేను లాక్కుంటాను.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, తిన్నారా?"

"తింటున్నాను. పిల్ల పరీక్ష ఏం చేసింది?"

"మీతోనే చెబుతుందట, తీసుకోండి."

"నాన్నా! నేను బట్టీ పట్టిందే వచ్చింది! నాలుగో పాఠం! పది మార్కులు!"

"పొద్దున నా ప్రాణం తీసిందా? ఎవరే ఆ ముగ్గురు బిడ్డలు?"

"గెట్, ఫర్‌గెట్, గెస్ నాన్నా. 'పట్టుకోవడం గెట్. పట్టు జారిపోవడం ఫర్‌గెట్. చీకట్లో పట్టుకోబోవడం గెస్. ముగ్గురూ ఒకే ఇంటి బిడ్డలు.' అలాగే ఉంది పుస్తకంలో."

"ఏ పుస్తకంలో?"

"మాటల చుట్టరికాలు. చెప్పాగా నాన్నా!"

ఇన్‌స్పెక్టర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సంబంధం లేదు. నోట్‌బుక్‌లో గీత గీసి మరీ రాసుకున్నాడు. ఆ మాట చెప్పింది ఆ పుస్తకం రాసిన మనిషే.

తన ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో మరిచిపోయే తండ్రి ఉంటాడా?

ఉండడు. ఆ ఇల్లు తనది కాకపోతే తప్ప.

క్యారియర్ మూసేశాడు. లేచి తిన్నగా డైరెక్టర్ బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. గోడకున్న ఎర్ర మగ్గు తీసి, కిందికి తెచ్చి, ఎర్ర బకెట్ పక్కన పెట్టాడు. ఒకే ఎరుపు. రెండింటి మీదా ఒకే పువ్వు గుర్తు.

"దారం కొస," అన్నాడు తనలో తను.

రెండింటికి లైబ్రరీ తాలూకు ఫోటోల మనిషి ముందుగా వచ్చాడు. తడి కార్డుల్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఇవి రెండు వైపులా ఆరాలి సార్. రెండు వైపులా ఫోటో తియ్యాలి కదా."

"రెండు వైపులానా?"

"ఒప్పందంలో అలాగే ఉంది. శుక్రవారం శాంపిల్ కూడా రెండు వైపులా తీశాం. పది కార్డులు."

"ఏ డ్రాయరులోంచి?"

"ఇదే సార్. అన్నిట్లోకీ లావుగా ఉందని ఇదే తీశాను."

"ప్రింట్లు ఎవరు చూశారు?"

"డైరెక్టర్ గారి చేతికే ఇచ్చాను, మా దగ్గర కాపీ ఉంచుకోలేదు. చూసి, ముందు వైపు ఒక్కటీ చాలదా అన్నారు. చాలదు సార్ అన్నాను."

ఇన్‌స్పెక్టర్ తడి కార్డు ఒకటి తీసుకున్నాడు. ఈసారి తిప్పాడు. వెనక రాత లేదు. లేత నీలం మరక మాత్రం ఉంది. ఇంకోటి. అదే మరక. ఇంకోటి. అదే.

పొద్దున్నే తిప్పాల్సింది. తన మర్యాద తగలెయ్య.

మూడూ ఇరవై. హాలు.

డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. ఫుట్‌నోట్, ఫోటోల మనిషి గోడకి ఆనుకున్నారు. ఆమె తన బల్ల దగ్గర నిలబడింది. హెడ్ కానిస్టేబుల్ తలుపు దగ్గర ఉన్నాడు.

"నలభై నిమిషాల్లో వ్యాన్ వస్తుంది," అన్నాడు డైరెక్టర్. "త్వరగా కానివ్వండి."

"కానిస్తానండీ. పొద్దుట్నుంచీ నేనొక తప్పు చేశాను. గెట్ అంటే ఏంటి, ఎక్కడ పుట్టింది, ఎన్ని రకాలుగా వాడతారు అని అందర్నీ అడిగాను. దొంగకి ఆ మాటతో పనే లేదు. మాట కంప్యూటర్‌లో ఉంది, అచ్చులో ఉంది. దొంగకి కావలసింది కార్డు వెనక వైపు."

"వెనకేముంది?" అన్నాడు ఫుట్‌నోట్.

"ఇప్పుడేమీ లేదు. కడిగేశారు. బకెట్లో నీళ్ళు నీలంగా ఎందుకున్నాయి? పెన్సిల్ రంగు దిగదు. దిగేది సిరా. ముందు వైపు పెన్సిల్, వెనక వైపు నీలం సిరా. రాత్రంతా నానబెడితే వెనక పోతుంది, ముందు ఉంటుంది. కార్డులు దొరకాలి. దొరికినప్పుడు వెనక ఖాళీగా ఉండాలి. అందుకే కాల్చలేదు, పారెయ్యలేదు."

"ఊహలు," అన్నాడు డైరెక్టర్.

"ఈ బకెట్ ఊహ కాదండీ. దీని మగ్గు మీ బాత్‌రూమ్‌లో వేలాడుతోంది. పొద్దున నా ప్యాంటు తడిసింది అందుకే."

"బకెట్ ఎవరైనా తీసుకోవచ్చు!"

"తీసుకోవచ్చు. ఈవిడ తీసుకుందా? ఇరవై రెండేళ్ళు చేతిలో ఉన్న కార్డుల్ని ఇప్పుడు దొంగిలించాలా? అసిస్టెంట్ గారు తీసుకున్నారా? ఆయనైతే ఒక్క డ్రాయరుతో ఆగేవారు కాదు." ఫుట్‌నోట్ వైపు తిరిగాడు. "అయ్యా, మాస్టారు గెట్ మీద పనిచేస్తున్న రోజుల్లోనే ఇంకేం మాటలు రాసి ఉంటారు?"

"ఫర్‌గెట్, గెస్ అండీ. ఒకే వేరు. ఆయన చుట్టాలందర్నీ ఒకేసారి పిలిచేవారు. అది తెలియనివాడు డిక్షనరీ ఆఫీసులో..."

మాట మధ్యలో ఆగిపోయాడు. డైరెక్టర్ వైపు చూశాడు.

"తెలియనివారు ఒకరున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫర్‌గెట్‌కీ గెట్‌కీ సంబంధం లేదని పొద్దున నాతో చెప్పారు. ఉందని వారి పుస్తకం నాలుగో పాఠంలో ఉంది. మా అమ్మాయికి నోటికొచ్చు. రాసినాయనకి రాదు."

డైరెక్టర్ ముఖంలో రంగు మారింది. 

ఇన్‌స్పెక్టర్ ఫర్‌గెట్ డ్రాయరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. చువ్వ విప్పాడు. ఒకే రకం తెల్ల కాగితం కార్డులు పంతొమ్మిది.

"తిప్పమ్మా."

ఆమె చెయ్యి ముందుకు రాలేదు.

"మాస్టారు వద్దన్నారు సార్."

"వెనక వైపు మనది కాదన్నారు. నిజమే. ఇది నాది కాదు, ఆయనది కాదు, డైరెక్టర్ గారిది అసలే కాదు. నీది. తిప్పు."

ఆమె తిప్పింది.

నీలం సిరా. ముత్యాల్లాంటి అక్షరాలు. కాగితం నాలుగు ముక్కలైంది కాబట్టి వాక్యాలు సగం సగం. అయినా ఒకటి పూర్తిగా దక్కింది. *ముగ్గురూ ఒకే ఇంటి బిడ్డలు.* దాని చివర చుక్క లేదు. చిన్న సున్నా ఉంది.

ఫుట్‌నోట్ వంగి ఆ సున్నాని చూశాడు.

"నా పుస్తకం," అంది ఆమె మెల్లగా. "పారేశానన్నారు. చిత్తు కాగితాల గంపలోనే పారేశారు. గంపలోవి మాస్టారు ఏరుకునేవారు."

"పుస్తకం అచ్చయినప్పుడు అడగలేదా అమ్మా?"

"అడిగాను సార్. నీ దగ్గర ఒక్క కాయితం ఉందా అన్నారు. లేదు. ఏం చెప్పను?"

డైరెక్టర్ లేచాడు. "ఇది అచ్చు పుస్తకం చూసి రాసుకున్నదై ఉండొచ్చుగా! నా పుస్తకం ఊరంతా ఉంది!"

"ముందు వైపు తేదీ చూడండి. మాస్టారి పెన్సిల్. ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మార్చి పద్నాలుగు. మీ పుస్తకం ఇందాక తెప్పించి చూశాను, అది వచ్చింది పద్దెనిమిదేళ్ళ కిందట. అంతకు ముందు ఏడాది మొదలుపెట్టానని ముందుమాటలో మీరే రాశారు. ఇంకా మొదలుపెట్టని పుస్తకాన్ని చూసి ఈవిడ ఎలా రాసుకుంది?"

డైరెక్టర్ కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే కుర్చీయే ఆయన్ని పట్టుకుందనాలి.

"శుక్రవారం శాంపిల్ చూశారు. నిన్న ఒంటిగంటకి ఆవిడ అన్నం తింటుంటే డ్రాయరు ఖాళీ చేశారు. రాత్రి మీ బాత్‌రూమ్‌లో నానాయి. ఇవాళ అందరికంటే ముందు వచ్చి పెరట్లో పెట్టారు. అందుకే హెడ్ కానిస్టేబుల్ అరిచినప్పుడు మీరొక్కరే పరుగెత్తలేదు. రండి, స్టేషన్‌లో స్టేట్‌మెంట్ రాద్దాం. ఆ ఆర్డర్ కాగితం కూడా ఇలా ఇవ్వండి."

హెడ్ కానిస్టేబుల్ ఆయన్ని తీసుకుని మెట్లు దిగాడు.

ఇన్‌స్పెక్టర్‌కి గెలిచినట్టు లేదు. ఆరుబయట తీగ మీద ఆరువందల నలభై కార్డులు ఆరుతున్నాయి. వాటి వెనక ఒక మనిషి వయసులో మంచి రోజులన్నీ ఉన్నాయి. ఇప్పుడు మరక మిగిలింది. గెస్ డ్రాయరులో పన్నెండు దొరికాయి. మొత్తం ముప్పై ఒకటి. మిగతాది తూములోకి పోయింది. తన కళ్ళ ముందే.

ఆ మాస్టారు మంచివాడే. ఒకరి ఉత్తరం చదవకూడదన్నాడు. అది మంచి నియమమే. కానీ ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేతిలో ఉన్న కాగితాన్ని తిప్పి ఉంటే? మంచి నియమం కూడా ఒక్కోసారి ఒకళ్ళ నోరు నొక్కేస్తుందా? ఇన్‌స్పెక్టర్ ఈ ప్రశ్న ఇంటికెళ్ళి దేవుణ్ణే అడుగుదామనుకున్నాడు.

"ముప్పై ఒకటి చాలా సార్?" అని అడిగింది ఆమె.

"కోర్టుకి చాలమ్మా. నీకు చాలదు. నాకు తెలుసు."

ఆమె వేళ్ళతో ఆ కార్డుల అంచులు సర్దింది. ఆరువందల నలభై కార్డుల్నీ ఇన్నేళ్ళు ఆ వేళ్ళతోనే సర్దింది. తన రాత తన వేళ్ళ కిందే ఉంది.

నాలుగింటికి కింద వ్యాన్ హారన్ మోగింది. ఫుట్‌నోట్ తొంగి చూసి వచ్చాడు.

"అక్కయ్యా, వాళ్ళు వచ్చారు. కార్డులతో పాటు వచ్చే మనిషి ఎవరని అడుగుతున్నారు."

"వస్తున్నానని చెప్పండి. ఒక్క నిమిషం."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రిజిస్టర్ తెరిచింది. పెన్ను విదిలించి రాసింది.

*ఫర్‌గెట్, పంతొమ్మిది. గెస్, పన్నెండు. రెండు వైపులా చూశాను.*

చివర చిన్న సున్నా చుట్టింది.